కేక ఎవరిది?

సినిమా పేజీలు తిరగేసే అలవాటున్న వాళ్ళకి ఈ సంగతులేవీ కొత్తవి కావు. ‘సైకో’ సినిమాలో స్నానాలతొట్టి తూములోకి సుళ్ళు తిరుగుతూ పోయింది నెత్తురు కాదట, చాక్లెట్ సిరప్‌ట! కత్తిపోట్ల చప్పుడు కోసం కర్బూజా పండుని పొడిచారట. డైరెక్టరు హిచ్‌కాక్ గారు కళ్ళు మూసుకుని కూర్చుంటే, రకరకాల కర్బూజాలని ఒక్కొక్కటే పొడిచి వినిపించారట. అన్నీ విని, అందులో ఒక రకం పేరు చెప్పి ఊరుకున్నారట ఆయన. ఇక హీరోయిన్ చేత గట్టిగా కేక పెట్టించడానికి, చెప్పా పెట్టకుండా ఆవిడ మీదకి మంచులాంటి చన్నీళ్ళు వదిలారట!

ఈ ‘అట’లన్నీ సరదాగా ఉంటాయి. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు చదివేసుకునేంత చిన్నవి. చదివి, “అబ్బ, ఎంత తెలివి!” అనుకుని పేజీ తిప్పేస్తాం. నా పేచీ అంతా ఆ ఆఖరి ‘అట’తోనే. ఎందుకంటే అది అబద్ధం.

అబద్ధమని చెప్పింది ఎవరో కాదు, ఆ నీళ్ళకింద నిలబడ్డ జానెట్ లీ. నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయనీ, ఆ విషయంలో సెట్లో వాళ్ళు తనని జాగ్రత్తగానే చూసుకున్నారనీ ఆవిడ చెప్పింది. ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా చెప్పింది. 1995లో ఆ సినిమా తయారీ మీద ఏకంగా ఒక పుస్తకమే రాసింది. అయినా చన్నీళ్ళ కథ చావలేదు. ఆవిడే 2004లో కన్నుమూసింది గాని, ఆ కథ మాత్రం నిక్షేపంగా బతికే ఉంది.

ఎందుకు బతికుందో కాస్త ఆలోచించండి. ఆ కేక జానెట్ లీ నటన అని ఒప్పుకుంటే, గొప్పతనం ఆవిడది అవుతుంది. చన్నీళ్ళు పడి అరిచింది అంటే, గొప్పతనం కుళాయి తిప్పించినాయనది అవుతుంది! ఆవిడ పనల్లా ఉలిక్కిపడడమే. ఉలిక్కిపడడానికి ప్రతిభ ఎందుకు? మా గడపలో పిల్లి కూడా నీళ్ళు చల్లితే ఉలిక్కిపడుతుంది.

నేననేది ఇదీ. తెరవెనుక సంగతులని మనకి పంచిపెట్టే ఈ చిన్న చిన్న కథలు అంత అమాయకమైనవి కావు. చాలా భాగం కథల్లో ఒక మేధావి ఉంటాడు, ఒక బెదిరిపోయే ఆడపిల్ల ఉంటుంది. ఆ ఆడపిల్ల చేసిన పని మాత్రం ఉండదు.

సినిమా చూడని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. గుట్టు బయటపెడుతున్నానని కోప్పడకండి. 1960 జూన్‌లో విడుదలైన సినిమా రహస్యం ఇప్పుడు రహస్యమేమిటి? మేరియన్ అనే గుమస్తా పిల్ల ఆఫీసు సొమ్ము నలభైవేల డాలర్లు పట్టుకుని పారిపోతుంది. దారిలో వాన. ఒక పాత మోటెల్లో దిగుతుంది. ఆ మోటెల్ నడిపే కుర్రాడు నార్మన్ బేట్స్, తల్లిచాటు బిడ్డ. డబ్బు తిరిగి ఇచ్చేద్దామని మనసు కుదుటపరుచుకుని మేరియన్ స్నానానికి వెళుతుంది. అక్కడ ముసలమ్మ ఆకారమొకటి తెర లాగి కత్తితో పొడుస్తుంది. చివరికి తేలేదేమిటంటే, తల్లి ఎప్పుడో చచ్చిపోయింది. కొడుకే చంపాడు. చంపి, శవాన్ని ఇంట్లో దాచుకుని, తనే తల్లై మాట్లాడుతూ, తల్లి బట్టలు కట్టుకుని హత్యలు చేస్తున్నాడు.

హత్య తెరమీద ముప్పావు నిమిషమో ఎంతో. తీయడానికి మాత్రం ఏడు రోజులు పట్టింది, 1959 డిసెంబరు 17 నుంచి 23 దాకా. ఏడు రోజులూ జానెట్ లీ తడుస్తూనే ఉంది. ఒంటిమీద బట్టలకి బదులు, చర్మం రంగులో ఉండే పట్టీలు అంటించారు. వెచ్చని నీళ్ళ ఆవిరికి ఆ పట్టీల జిగురు వదులైపోయేది. చచ్చిపడి ఉన్న షాటుంది చూశారూ, కెమెరా ఆవిడ కంటి దగ్గర్నుంచి మెల్లిగా వెనక్కి జరిగేది, అది తీస్తున్నప్పుడు పట్టీ ఒకటి ఊడిపోతున్నట్టు ఆవిడకి తెలుస్తూనే ఉంది. పైన దీపాల దగ్గర మనుషులున్నారనీ తెలుసు. కదిలితే షాటు పాడైపోతుంది, మళ్ళీ మొదటినుంచీ తీయాలి. పోతే పోయిందని కదలకుండా పడుకుందిట. ఆ సంగతి తర్వాత ఆవిడే చెప్పింది.

ఇది మంచి కథ కాదూ? చన్నీళ్ళ కథకంటే ఎన్నో రెట్లు మంచిది. ఒక పనిమంతురాలు, సిగ్గునీ, చలినీ, విసుగునీ పక్కనపెట్టి, షాటు చెడకూడదని ఊపిరి బిగబట్టిన కథ. కాని ఇది ఎంతమందికి తెలుసు?

ఊపిరి అంటే గుర్తొచ్చింది. సినిమా కత్తిరింపులన్నీ అయిపోయాయి, పంపిణీకి సిద్ధం. అంతమంది మగవాళ్ళు ఎన్నోసార్లు చూశారు, ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఒక్క మనిషికి కనిపించింది. “ఇది ఇలా పంపించడానికి వీల్లేదు, చచ్చిన తర్వాత ఆ అమ్మాయి కదిలింది” అని ఆపేసింది. గుటక మింగిందని కొందరు రాస్తారు, ఊపిరి తీసిందని కొందరు, రెప్ప వేసిందని ఇంకొందరు. ఏదైతేనేం, ఆ ముక్క సరిచేశారు. పట్టుకున్న మనిషి ఆల్మా రెవిల్. ఆవిడెవరండీ అంటే, హిచ్‌కాక్ గారి భార్య!

అంతే. ఆ కథ అక్కడితో అయిపోతుంది. అన్నం తినేటప్పుడు రాయి ఏరిచ్చిన ఇల్లాలిలాగ ఆవిడని ఒకసారి మెచ్చుకుని వంటింట్లోకి పంపేస్తారు.

ఆల్మా రెవిల్‌కి అలా పట్టుకునే కన్ను ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగరు. ఆవిడ 1899 ఆగస్టు 14న పుట్టింది, ఆయనకంటే ఒక్కరోజు చిన్న. పదహారేళ్ళకే లండన్ దగ్గర స్టూడియోలో ఫిలిం కత్తిరించే గదిలో చేరింది. హిచ్‌కాక్ సినిమాల్లోకి వచ్చి, మూకీ చిత్రాలకి అక్షరాలు, బొమ్మలు గీసుకుంటున్న రోజులకి ఆవిడ చెయ్యి తిరిగిన ఎడిటరు. తనకంటే పై మెట్టుమీద ఉన్న ఆడదాన్ని పలకరించడం మగవాడికి నామోషీ కనక, అసిస్టెంట్ డైరెక్టర్ని అయ్యేదాకా ఆగి అప్పుడు మాట్లాడానని ఆయనే తర్వాత సరదాగా చెప్పుకున్నారు. 1926లో పెళ్ళయింది. ఆయన సినిమాల స్క్రిప్టులు ఎన్నో ఆవిడ రాసింది. కొన్నింటికి పేరు వేశారు, చాలావాటికి లేదు. ‘సైకో’కి లేదు.

1979లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆయనకి జీవితకాల సత్కారం చేసినప్పుడు, నలుగురికి కృతజ్ఞతలు చెప్పాలన్నారట. ఒకరు ఎడిటరు, ఒకరు రచయిత, ఒకరు తన కూతురికి తల్లి, ఇంకొకరు ఇంటి వంటగదిలో అద్భుతాలు చేసిన వంటమనిషి. ఆ నలుగురి పేరూ ఆల్మా రెవిల్ అన్నారు. సభంతా కరిగిపోయింది. నాకూ కళ్ళు చెమర్చే మాటే. కాని ఒక్క క్షణం లెక్క వేద్దాం. నాలుగు ఉద్యోగాలు చేసిన మనిషి ఒకరు, సన్మానం జరిగింది ఇంకొకరికి! సొమ్మొకడిది, సోకొకడిది అంటే కోపం వస్తుందేమో గాని, మరి దీన్నేమనాలి?

ఇంకో పేరు చెప్తాను. రాబర్ట్ బ్లాక్ రాసిన ‘సైకో’ నవల 1959లో వచ్చింది. పత్రికలో దాని సమీక్ష చదివి, ఇదేదో పనికొచ్చేలా ఉందని హిచ్‌కాక్ ముందు పెట్టింది పెగ్గీ రాబర్ట్‌సన్ అనే ఆవిడ. ఏళ్ళ తరబడి ఆయన దగ్గర సహాయకురాలు. సినిమా కంపెనీలో పుస్తకాలు చదివి అభిప్రాయం చెప్పేవాళ్ళు ఇది సినిమాకి పనికిరాదని అప్పటికే పక్కన పడేశారు. పదివేల డాలర్లు కూడా కాని సొమ్ముకి హక్కులు కొన్నారు. ముగింపు బయటికి పొక్కకుండా, దొరికిన కాపీలన్నీ కొనిపించేశారని కథ. ఆ కాపీలు కొనే పనీ ఆవిడకే అప్పజెప్పారట. ఆలోచన ఆవిడ తెచ్చింది, సంచీ కూడా ఆవిడే మోసింది.

హత్య సీన్లో జానెట్ లీకి మారుగా కొన్ని షాట్లలో నిలబడ్డ అమ్మాయి మార్లీ రెన్‌ఫ్రో. మోడల్‌గా పనిచేసేది. సినిమాలో ఆవిడ పేరు లేదు. చాలాఏళ్ళపాటు అసలు అలాంటి మనిషి లేదన్నట్టే నడిచింది వ్యవహారం. తెర తీసి కత్తెత్తిన నీడ కూడా నార్మన్ వేషం వేసిన ఆంథొనీ పెర్కిన్స్‌ది కాదు. ఆ రోజుల్లో ఆయన న్యూయార్క్‌లో నాటకం రిహార్సల్స్‌లో ఉన్నారు. ముఖం కనబడకుండా నల్లరంగు పూసుకుని ఆ కత్తి పట్టుకున్నది మార్గో ఎప్పర్ అనే స్టంట్ యువతి. అంటే ప్రపంచమంతా జడుసుకున్న ఆ హత్యలో చంపిందీ ఆడదే, చచ్చిందీ ఆడదే, చచ్చినావిడకి మారు నిలబడిందీ ఆడదే. మనకి గుర్తున్నది ఎవరయ్యా అంటే, కుర్చీలో కూర్చున్నాయన!

ఆ కుర్చీ సంగతీ ఉంది. సెట్లో ‘మిసెస్ బేట్స్’ అని పేరు రాసిన కుర్చీ ఒకటి వేయించారు. తల్లి వేషానికి పెద్ద నటిని వెతుకుతున్నట్టు పత్రికలకి కబుర్లు వదిలారు. లేని ముసలమ్మకి పేరు రాసిన కుర్చీ! ఆ ముసలమ్మకి గొంతు ఇచ్చిన వాళ్ళు మాత్రం నిజంగా ఉన్నారు. వర్జీనియా గ్రెగ్, జీనెట్ నోలన్, పాల్ జాస్మిన్. ముగ్గురి గొంతులూ కలిపి వాడారు. సినిమాలో ముగ్గురికీ పేర్లు లేవు. ఇందులో పాల్ జాస్మిన్ మగవాడు. అన్యాయం ఎక్కడ జరిగినా అన్యాయమే కనక ఆయన పేరూ రాస్తున్నాను.

మా మరిదికి సినిమాల పిచ్చి. ఇదంతా విని నవ్వాడు. “వదినా, నువ్వు కూరలో ఉప్పు దగ్గర కూడా ఆడా మగా అంటావు. సినిమాకి డైరెక్టరే తండ్రి. ఎంతమంది పనిచేసినా ఆలోచన ఆయనదే కదా?” అన్నాడు.

కాదన్నదెవరు? తన జీతం రెండున్నర లక్షల డాలర్లు వదులుకుని, సినిమాలో అరవై శాతం వాటా తీసుకుని, కంపెనీ వద్దన్న కథని టెలివిజన్ పనివాళ్ళతో నలుపు తెలుపులో సుమారు ఎనిమిది లక్షల డాలర్లలో తీసిన మనిషి. ధైర్యం ఉంది, ప్రతిభ ఉంది. ఆ ధైర్యానికి ఫలితం ఆయనకి దక్కింది కూడా. నవలలో స్నానాలగది హత్య రెండుముక్కల్లో తేలిపోతుంది. రచయిత జోసెఫ్ స్టెఫానో ఆ పిల్ల కథతోనే సినిమా మొదలుపెట్టి, మనం ఆవిడని ప్రేమించేటట్టు చేశాడు. ఆ సీనుకి సంగీతమే వద్దని డైరెక్టరు గారంటే, బెర్నార్డ్ హెర్మన్ వినకుండా వయొలిన్లని కీచుమనిపించాడు. డైరెక్టరు గారు విని, తన మాట వెనక్కి తీసుకున్నారు. చూడు మరిదీ, హెర్మన్ కథ చెప్పేటప్పుడు అందరూ ఏమంటారు? సంగీతజ్ఞుడు పట్టుబట్టాడు, గెలిచాడు అంటారు. ఆయన పని ఆయనకే చెందింది. మరి జానెట్ లీ దగ్గరకొచ్చేసరికి పని కాస్తా చన్నీళ్ళ పాలెందుకయింది?

“అయితే ఆవిడకి ఆయనంటే కోపమా?” అన్నాడు మా వాడు. కాదు. అదీ చెప్పాలి. జానెట్ లీ ఆయన గురించి ఎప్పుడూ ఆప్యాయంగానే మాట్లాడింది. తనకి మామూలుగా వచ్చే దాంట్లో నాలుగోవంతు, ఇరవై అయిదువేల డాలర్లకి ఆ వేషం ఒప్పుకుంది. పెర్కిన్స్‌కి ఇచ్చింది నలభైవేలు. కథ చివరిదాకా పని ఉన్నవాడు కనక సరే అనుకుందాం. నా గొడవ ఆవిడ మనసు నొప్పించారా లేదా అని కాదు. ఆవిడ చేసిన పనిని మనం ఎలా చెప్పుకుంటున్నామన్నది.

చెప్పుకోవడంలో ఏముంది అంటారా? ఉంది. మేకప్ గదిలో పెట్టిన శవం కథ విన్నారా? ఎండిపోయిన తల్లి శవానికి రకరకాల బొమ్మలు చేయించారు. ఏది ఎక్కువ భయంకరంగా ఉందో తేల్చుకోవడానికి, జానెట్ లీ గదిలో ఒక్కోసారి ఒక్కో బొమ్మని దాచి పెట్టించేవారట. ఆవిడ కేక ఎంత గట్టిగా ఉంటే ఆ బొమ్మ అంత మంచిదన్నమాట! ఇది వేళాకోళంగానే జరిగింది, ఆవిడా వేళాకోళంగానే చెప్పింది. అందరూ నవ్వారు. ఒక పెద్దమనిషి కూతురు ‘సైకో’ చూసి షవర్ కింద స్నానం చెయ్యనంటోందని ఉత్తరం రాస్తే, ఆ పిల్లని డ్రై క్లీనింగ్‌కి పంపండని డైరెక్టరు గారు జవాబిచ్చారట. దానికీ నవ్వారు. నేనూ నవ్వాను, హాస్యం పండింది కనక. జానెట్ లీ మాత్రం, ఆ సినిమాని తెరమీద చూశాక తను మళ్ళీ షవర్ జోలికి పోలేదని చెప్పేది.

ఆడపిల్లని భయపెట్టడం గొప్ప కళలో ఒక భాగం అని నవ్వుకోవడం అలవాటైపోయాక ఏమవుతుందో మూడేళ్ళకి తెలిసింది. 1963లో ‘ది బర్డ్స్’ వచ్చింది. అందులో టిప్పీ హెడ్రెన్ మీద పక్షులు దాడిచేసే సీను. మరపక్షులతో తీస్తామన్నారు. తీరా సెట్టుకి వెళ్ళేసరికి నిజం పక్షులు. అయిదు రోజులపాటు వాటిని తనమీదకి విసిరించారనీ, చివరికి కంటికి దగ్గరగా గీరుకుంటే ఏడుస్తూ కూలబడ్డాననీ ఆవిడ చెప్పింది. 2016లో రాసిన ఆత్మకథలో ఆయన తనని వేధించారని కూడా రాసింది. అది రాసేనాటికి ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. అంతకు ముందు దశాబ్దాలపాటు ఆ నిజం పక్షుల కథ కూడా సినిమా పేజీల్లో ఒక ‘అట’గానే తిరిగింది, చాక్లెట్ సిరప్ పక్కనే! చన్నీళ్ళ అబద్ధానికి చప్పట్లు కొట్టిన చేతులతోనే పక్షుల నిజానికీ చప్పట్లు కొట్టాం. రెండింటికీ తేడా తెలియకుండా చేసింది ఈ చెప్పుకునే తీరే.

ఇంకో ఉదాహరణ విని అప్పుడు నన్ను తిట్టండి. ‘సైకో’లో జానెట్ లీకి బదులు లైట్లు సరిచూసుకోవడానికి నిలబడే ఆవిడ ఒకావిడ ఉండేది. చాలాఏళ్ళ తర్వాత, 1988లో, ఆ పెద్దావిడ తన ఇంట్లో హత్యకి గురైంది. నేరస్థుడికి శిక్ష పడినప్పుడు పత్రికలు ఏమని రాశాయో తెలుసా? స్నానాలగది సీన్లో మారుగా నిలబడ్డ అమ్మాయి హత్య అని. అంటే మార్లీ రెన్‌ఫ్రోని చంపేశారు! ఆవిడేమో నిక్షేపంగా బతికే ఉంది. ఆ సీను మీద 2017లో ‘78/52’ అని ఒక డాక్యుమెంటరీ వస్తే, అందులో కూర్చుని చక్కగా కబుర్లు చెప్పింది. ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరికి పేరు లేదు, ఇంకొకరికీ లేదు. ఒకరి చావు ఇంకొకరి ఖాతాలో రాసేశారు. చనిపోయినావిడకి తన చావు కూడా తన పేరుమీద దక్కలేదు.

ఆ సినిమాలో నార్మన్‌కి మూలం అని చెప్పే విస్కాన్సిన్ హంతకుడి పేరు సినిమా తెలిసినవాళ్ళెవర్ని అడిగినా టక్కున చెప్తారు. 1957లో పట్టుబడ్డాడు. వాడు చంపిన ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు అడగండి, తడుముకుంటారు. బెర్నిస్ వోర్డెన్ హార్డ్‌వేర్ కొట్టు నడుపుకునేది. మేరీ హోగన్ కల్లు పాకలాంటి చిన్న సారా దుకాణం నడుపుకునేది. ఇద్దరూ తమ కష్టం మీద తాము బతికిన వాళ్ళు. వాడి పేరు నేనిక్కడ కావాలనే రాయలేదు.

కబుర్లు మానెయ్యమని నేను చెప్పడం లేదు. కబుర్లు లేకపోతే సినిమాలెందుకు? చాక్లెట్ సిరప్ సంగతి పిల్లలకి చెప్పండి, కర్బూజా సంగతి చెప్పండి. చన్నీళ్ళ సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం, పాలు పొంగినా ఫర్వాలేదు, ఒక్క నిమిషం ఆగి, “కాదండీ, గోరువెచ్చటి నీళ్ళు. ఆవిడ నటించింది” అని చెప్పండి. చచ్చిన మనిషి గుటక మింగిందని పట్టుకున్నది ఎవరో ‘భార్య’ కాదు, ఆల్మా రెవిల్ అనే ఎడిటరని చెప్పండి. పత్రికల వాళ్ళకి ఉత్తరాలు రాసే ఓపికుంటే అదీ రాయండి. “తెరవెనుక విశేషాలు” అని పేజీ పెట్టిన వాళ్ళు, తెరవెనుక పనిచేసిన వాళ్ళ పేర్లు ఒక్క పంక్తిలో వేస్తే పేజీ ఏమీ నిండిపోదు.